గిటారుకి గంజి

ప్రియమైన బాబాయ్‌కి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. నువ్వూ అక్కడ రాళ్ళ మధ్య కులాసాగానే ఉన్నావనుకుంటున్నాను. మీ క్వారీలో ఫోన్లు పనిచెయ్యవని, వారానికోసారి సామాన్ల లారీలోనే ఉత్తరాలు వస్తాయని తెలిసి అమ్మ బాధపడింది కానీ, నాకు ఒకందుకు మంచిదే అనిపించింది. ఫోనైతే నా గొంతు వినగానే ఏదో జరిగిందని పట్టేస్తావు. ఏమీ జరగలేదు. ఊరికే అంటున్నాను.

నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన ఎర్ర గిటారు మన లాండ్రీ మీది గదిలో గోడకి ఆనుకుని ఉంది. చాలా బాగుంది. నాన్న దాన్ని ఇంకా "ఆ కరెంటు తెడ్డు" అనే అంటున్నాడు. "పరాయివాళ్ళ వస్తువు మన దగ్గర ఉన్నన్నాళ్ళూ దాని జోలికి పోకుండా ఉండటమే మన వ్యాపారం" అని రోజూ ఒకసారి వినిపిస్తున్నాడు. తమ్ముడి గిటారు పరాయివాళ్ళ వస్తువేంటి నాన్నా అంటే, "అన్నీ అంతే" అన్నాడు.

ఇక అసలు సంగతి. నాకో స్నేహితురాలుంది. తనకీ ఒక ఎలక్ట్రిక్ గిటారుంది. అనుకోకుండా అదీ ఎరుపే. పాపం, వాళ్ళ గదిలోకి కూడా ఎక్కణ్ణుంచో ఆవిరి వస్తుంటుందట. తీగలు తుప్పు పట్టాయి, ఒంటికి జిడ్డు పేరుకుంది. డబ్బు పెట్టి బాగుచేయించే స్తోమత లేక, ఇంట్లో ఉన్నవాటితోనే శుభ్రం చేద్దామనుకుంది. ఒంటికి సోడా నీళ్ళు పట్టించి కుంచెతో రుద్దింది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లని గిన్నెలు తోమే స్టీలు పీచుతో తోమింది. శబ్దం పెంచే గుండీ తిప్పుతుంటే గరగరమంటోందని అందులో కాస్త తలనూనె పోసింది. ఇప్పుడు గరగర పోయింది. శబ్దం కూడా పోయింది.

ఇంకొకటి. మెడ మీద తెల్లటి పొర కట్టింది. గట్టిగా, నున్నగా ఉంది. అది ఎలా వచ్చిందో తనకి నిజంగానే తెలీదు. దానికోసం చీమలు వరస కట్టి వస్తున్నాయి. ఏం చెయ్యాలో రాస్తే తనకి చెబుతాను. సిగ్గుతో చచ్చిపోతోంది పాపం.

ఇట్లు,
నీ గిటారుకి కాపలా ఉన్న
పిచ్చుక

తా.క. షాపులో హెడ్మాస్టరు గారి కోటు కనిపించడం లేదు. లేత పసుపు ఉన్ని కోటు. ఆయన రిటైరయ్యే రోజు సభలో వేసుకోవాల్సింది. షాపు పెట్టాక ఒక్క బొత్తాం కూడా పోలేదని చెప్పుకునే నాన్న, గోడ గడియారం వెనక కూడా వెతికాడు.

*

చిరంజీవి పిచ్చుకకి బాబాయి దీవెనలు.

నీ ఉత్తరం జనరేటర్ పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. సగంలో లేచి నిలబడ్డాను.

ఎవరమ్మా ఆ పిల్ల? గిటారుని పాలగిన్నె అనుకుందా? లోపల కరెంటు వైర్లున్న వస్తువుకి సోడా నీళ్ళా? తలనూనా? దానికేమైనా జడ వెయ్యాలనుకుందా? ఇక ఆ తెల్లటి పొర ఏమిటో లాండ్రీలో పుట్టి పెరిగినవాణ్ణి నాకు ఇక్కడికే తెలిసిపోయింది. అది గంజి! గిటారుకి గంజి పెట్టిన మనిషి గురించి నేనింతవరకు వినలేదు. చొక్కా కాలర్‌లాగా మెడ నిటారుగా నిలబడుతుందనుకుందేమో. పైగా ఎలా వచ్చిందో తెలీదని అబద్ధం కూడాను. ఆ గంజి మన షాపు బకెట్లోంచే పట్టుకెళ్ళి ఉంటుంది. అలాంటివాళ్ళని గుమ్మంలోకి రానివ్వకు. ఒకళ్ళ వస్తువు చెప్పకుండా తీసుకెళ్ళేవాళ్ళంటే నాకు

సిరా అయిపోవచ్చింది. ఇంకో కలం తెచ్చుకున్నాను. ఏం రాస్తున్నానో మర్చిపోయాను. పోనీలే.

ఆ పిల్లకి చెప్పు. నీళ్ళు అసలు వద్దు. పాత బనియను చింపి, ఆ మెత్తటి గుడ్డతో వాయించిన ప్రతిసారీ పొడిగా తుడవాలి. మరక మొండికేస్తే నోటితో ఆవిరి ఊది తుడిస్తే చాలు, బీదవాళ్ళకి అంతకన్నా మంచి పాలిష్ లేదు. తీగలు బిగించే మరల సందుల్లో పాత టూత్ బ్రష్. మెట్ల తుప్పుకి పీచు కాదు, పెన్సిలు రబ్బరు. చెక్కకి రాపిడి తగలకుండా మెట్టుకి అటూ ఇటూ కాగితపు టేపు అంటించి రుద్దాలి. పాత తీగలు పారెయ్యక్కర్లేదు. విప్పి, మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి, తడి లేకుండా తుడిస్తే కొన్నాళ్ళు మళ్ళీ గొంతు విప్పుతాయి.

కోటు గురించి అన్నయ్యని కంగారు పడొద్దను. కోట్లు ఎక్కడికి పోతాయి? వస్తాయి.

ఉంటాను,
బాబాయి

తా.క. నా గదిలో ఉండే ఒకతను, మంచివాడే పాపం, ఎవరిదో ఉన్ని బట్ట వేసుకుని జనరేటర్ మీదకి వంగాడు. నల్ల నూనె మరక. లాండ్రీ పిల్లవి కదా, ఎలా పోతుందో రాయి. తొందరేం లేదు. ఈ లారీకే రాయి.

*

బాబాయ్‌కి నమస్కారాలు.

నీ ఉత్తరం నా స్నేహితురాలికి చదివి వినిపించాను. పాలగిన్నె దగ్గర తల దించుకుంది. జడ దగ్గర ముక్కు చీదుకుంది. ఆ పూట అన్నం తినలేదు. గంజి మాత్రం తను పెట్టలేదని ఒట్టు వేసింది కానీ నువ్వు నమ్మవని నాకు తెలుసు. తన బాధ చూడలేక నేను నిఘంటువు తిరగేశాను. సిగ్గు, లజ్జ, వ్రీడ, త్రప... ఎన్ని మాటలో బాబాయ్! చదువుతుంటే ముచ్చటేసింది. కానీ అన్నీ ఎవరో అందమైన మనిషి తల వంచుకుని నిలబడ్డట్టున్నాయి. చేతిలో స్టీలు పీచు పట్టుకున్న మనిషికి పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు.

నువ్వు చెప్పినట్టే తను తీగలు మరిగించింది. ఉత్త నీళ్ళకి ఏం మురికి వదుల్తుందని సోడా కలిపింది. తెల్లగా రావాలని చివర్లో నీలిమందు నీళ్ళలో జాడించింది. తర్వాత క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరేసింది. ఇప్పుడవి కాస్త నీలంగా ఉన్నాయి. మెడ మీది పొర గుడ్డతో రుద్ది వదలగొట్టింది. వదిలింది. కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చింది బాబాయ్, ముందుకన్నా నున్నగా! తీగల కింద ఉండే ఆ అయస్కాంతాలకి నల్లటి గడ్డం కూడా మొలిచింది. ఊదినా పోవడం లేదు.

ఇక మీ గదిలో మహానుభావుడి సంగతి. ఎవరిదో ఉన్ని బట్ట వేసుకుని జనరేటర్ దగ్గరికి వెళ్ళాడా? వాళ్ళ అమ్మానాన్నలు అతనికి ఏమీ నేర్పలేదా? మరక మీద సుద్దపొడి మందంగా చల్లి, నూనె పీల్చుకునేదాకా వదిలెయ్యమను. దులిపి మళ్ళీ చల్లమను. మిగిలిన జాడని చల్లటి నీళ్ళు, మెత్తటి సబ్బుతో అద్దాలి, రుద్దకూడదు. వేడినీళ్ళు మాత్రం చూపించొద్దను. ఉన్ని ముడుచుకుపోతుంది. అయినా ఆ బట్ట గలాయన ఎంత బాధపడుతున్నాడో అతనికి పట్టినట్టు లేదు!

ఇట్లు,
స్నేహితురాలి తరఫున కూడా
పిచ్చుక

తా.క. ఇది తా.క.లో రాయాల్సింది కాదు కానీ పైన రాయడానికి చెయ్యి రాలేదు. "కోటు నువ్వేమైనా చూశావా?" అని నాన్న మడతల తాతని అడిగాడు. అంతే. అడగడమే. నేను పుట్టకముందు నుంచీ మన షాపులో ఇస్త్రీ చేస్తున్న మనిషి. చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, తన ఇస్త్రీ గుడ్డ చుట్టి చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఇప్పుడు నాన్నే ఇస్త్రీ చేస్తున్నాడు. ఎడమచేతి వేళ్ళకి పట్టీలు వేసుకుని తిరుగుతున్నాడు, కాలాయట. ఇస్త్రీపెట్టె కుడిచేత్తో కదా పట్టుకునేది?

*

చిరంజీవి పిచ్చుకకి,

నీ ఉత్తరం విన్నాక మా గదివాడు దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మానాన్నల దాకా పోవడం ఎందుకమ్మా? వాళ్ళు బంగారంలాంటి మనుషులు. అని అతనే చెప్పాడు.

వేడినీళ్ళు వద్దన్న నీ మాట, వేడినీళ్ళు అయ్యాక అందింది. బకెట్లోంచి తీసి చూస్తే ఆ బట్ట బడికెళ్ళే పిల్లాడికి సరిపోయేలా ఉంది. మరక మాత్రం తగ్గలేదు. బట్ట తగ్గేసరికి ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది.

మడతల తాత సంగతి చదివాక నాకు పని సాగలేదు. తాత అలాంటివాడు కాదని అన్నయ్యకి చెప్పు. నాకు తెలుసు. నీకెలా తెలుసని అడిగితే, ఊరికే తెలుసట అని చెప్పు.

ఆ పిల్ల గిటారుకి మొలిచింది గడ్డం కాదు, పీచులోంచి రాలిన ఇనుప రజను. అయస్కాంతం వదలదు. జిగురు టేపు చుట్ట చేసి అద్దితే అంటుకుని వచ్చేస్తుంది. నీలిమందు గురించి నేనేమీ అనదలచుకోలేదు. అనడానికి మాటలు నీ నిఘంటువులో కూడా ఉండవు. గుండీకి నూనె పోసిన చోట పొడిగుడ్డ కొస పెట్టి పీల్పించి, కరెంటు తీసేసి, ఆ చివర నుంచి ఈ చివరకి విసుగు పుట్టేదాకా తిప్పాలి. లోపలి మురికి ఆ రాపిడికే చాలావరకు వదుల్తుంది. అప్పటికీ పలకకపోతే రేడియోలు బాగుచేసేవాణ్ణి బతిమాలి, వాడి దగ్గరుండే స్ప్రే ఒక్కసారి కొట్టించుకోవాలి. కొనక్కర్లేదు.

టూత్ బ్రష్ లేకపోతే నాది ఇవ్వు. నా గిటారు పెట్టె నీ మంచం కింద ఉంటుంది కదా, దాని అడుగున ఎర్ర గుడ్డ కింద ఉంది.

బాబాయి

తా.క. బ్రష్ సంగతి మర్చిపో. పెట్టె తెరవకు. ఆ పిల్లని కొత్తది కొనుక్కోమను. పెట్టెకి ఏమీ కాలేదు, తెరవకు, అంతే.

*

బాబాయ్,

పెట్టె తెరిచాను. తెరవొద్దని రాస్తే తెరవకుండా ఉండే మనిషి మనింట్లో ఇంకా పుట్టలేదు.

ఎర్ర గుడ్డ కింద బ్రష్ ఉంది. బ్రష్ పక్కన ఒక చెక్క హ్యాంగరు ఉంది. భుజాల దగ్గర బాగా వెడల్పు. కోటు భుజాలు జారకూడదని హెడ్మాస్టరు గారు వడ్రంగి దగ్గర చేయించి తెచ్చి ఇచ్చింది. మన షాపులో అలాంటిది ఇంకోటి లేదు.

చాలా కోపమొచ్చింది. "ఎంత పని చేశావు బాబాయ్" అని మొదలుపెట్టాను. ఆ మాట కాగితం మీద చూసుకునేసరికి, అది నన్నే చూస్తున్నట్టనిపించింది. నా అబద్ధాన్ని కాపాడుకునే హడావిడిలో పడి నీది కనిపెట్టలేకపోయాను కదా. అందుకని ముందు నాది రాస్తాను.

నాకు గిటారున్న స్నేహితురాలెవరూ లేరు. ఆ ఎర్ర గిటారు నీదే. సోడా నేనే. పీచు నేనే. తలనూనె నేనే. నీలిమందు నేనే. నువ్వు అప్పగించి వెళ్ళాక ఒక్క రోజు కూడా తుడవలేదు. నువ్వు వచ్చేలోపు ఒక్కసారిగా మెరిపిద్దామనుకున్నాను. నువ్వు తిట్టిన తిట్లన్నీ అసలు చిరునామాకే చేరాయి. గంజి మాత్రం నేను కాదు బాబాయ్. మిగతావన్నీ ఒప్పుకున్నాను కాబట్టి ఇది నమ్ము.

ఇప్పుడు నీది. నిన్న మడతల తాత ఇంటికెళ్ళాను. వరండాలో కూర్చుని పాత పేపర్లు మడతపెడుతున్నాడు, అంచుకి అంచు కలిపి. "నాకేం తల్లీ, హాయిగా విశ్రాంతి" అన్నాడు. అంటూ నా మొహం చూడలేదు. తను తియ్యలేదని తెలిసినవాళ్ళం నువ్వూ నేనూ ఉన్నాం. ఆ మనిషి మాత్రం బజారుకి కూడా సందు చుట్టూ తిరిగి వెళ్తున్నాడు, షాపు ముందు నుంచి నడవాల్సి వస్తుందని.

నాన్నకి నేను చెప్పను. నువ్వు చెప్పాలి.

ఇట్లు,
గిటారు పాడుచేసిన
పిచ్చుక

తా.క. బ్రష్ బాగా పనిచేస్తోంది.

*

పిచ్చుకా,

నా గదిలో ఇంకెవరూ లేరు. గది చిన్నది, నేనూ ఒక స్టవ్వూ పడతాం.

ఉద్యోగానికి మాట్లాడటానికి వెళ్ళేటప్పుడు నాకున్న చొక్కాలన్నీ చూసుకుని ధైర్యం చాల్లేదు. ఆ కోటు మనిషిని నిలబెడుతుంది. ఒక్క పూటే కదా, సాయంత్రానికి మళ్ళీ హ్యాంగరుకి తగిలించేద్దామనుకున్నాను. ఉద్యోగం ఇచ్చారు. ఇచ్చి, బయట లారీ ఉంది ఎక్కమన్నారు. మీ అమ్మ నా సంచీ సర్ది అక్కడికే పంపింది. సంచీ తెచ్చినవాడితోనే గిటారు నీకు అప్పగించానని కబురు పెట్టి లారీ ఎక్కాను. తర్వాత రోజూ చెబుదామనే అనుకున్నాను. ఆలస్యం అయ్యేకొద్దీ కోటు బరువెక్కింది. నువ్వు తాత గురించి రాసిన తర్వాత కూడా గదివాడని రాశానే, అది చదువుకుంటే నా మొహం నాకే చూడాలనిపించడం లేదు.

ఈ లారీలోనే కోటు పంపుతున్నాను, ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలో. జేబులో అన్నయ్యకి ఉత్తరం పెట్టాను. దాచుకోకుండా అన్నీ రాశాను. సెలవు దొరగ్గానే వచ్చి తాత ముందు నిలబడతాను.

గిటారు గురించి దిగులు పడకు. సోడా క్షమించాను. పీచు, నూనె, ఆఖరికి నీలిమందు కూడా క్షమించాను. కానీ అన్నీ ఒప్పుకున్నదానివి, ఆ గంజి ఒక్కటీ దాచుకుని ఏం చేసుకుంటావమ్మా?

సిగ్గుపడుతున్న
బాబాయి

తా.క. తాత ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉందేమో ముందే కనుక్కుని రాయి.

*

బాబాయ్‌కి నమస్కారాలు.

లారీ వచ్చింది. నాన్న మూట విప్పి కోటు పైకెత్తి పట్టుకున్నాడు. దాని చేతులు నా మోచేతుల దాకా కూడా రావు. జేబులో ఉత్తరం చదివాడు. షాపు దద్దరిల్లేలా అరుస్తాడని నేను ఇస్త్రీ బల్ల వెనక్కి వెళ్ళాను. అరవలేదు. ఉతకాల్సిన బట్టల మూట మీద కూలబడి, వేళ్ళ పట్టీలు చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత షటరు దించి, "పద, తాత దగ్గరికి" అన్నాడు. పట్టపగలు మన షాపు షటరు దించడం నేనెప్పుడూ చూడలేదు.

తాత పేపర్లు మడతపెడుతూనే ఉన్నాడు.

"మామా, కోటు దొరికింది. మావాడే తీసుకెళ్ళాడు."

"దొరికిందా? అయితే నేను తియ్యలేదన్నమాట."

"నువ్వు తీశావని నేననలేదు మామా."

"అడిగావుగా."

నాన్న వరండా మెట్టు దగ్గరే నిలబడ్డాడు. తాత కూర్చోమనలేదు.

"అడిగాను," అన్నాడు నాన్న. "పరాయివాళ్ళ వస్తువు ముట్టుకున్నావా అని నిన్ను అడిగాను. అడిగిన నోరు ఎలాంటిదో కూడా విను. రోజూ పొద్దున్నే షటరు ఎత్తకముందు మీది గదిలోకి వెళ్ళి తమ్ముడి గిటారు వాయిస్తున్నాను. ఇది కాలేజీకి తయారవుతుంటుంది, దానికి తెలీదు. కరెంటు పెట్టకపోతే ఆ తెడ్డు దోమంత కూడా అరవదు."

తాత మడత ఆపాడు. "అందుకా ఆ పట్టీలు?"

"తీగలు కోసుకుపోయాయి. వాడున్నప్పుడు విసుక్కునేవాణ్ణి. వాడెళ్ళాక షాపులో చప్పుడు లేదు మామా. ఊరికే అలా ముట్టుకుందామని వెళ్ళాను. మెడ వెలిసిపోయినట్టుంటే..." ఇక్కడ నాన్న నావైపు చూసి, వెంటనే నేల చూశాడు. "కాస్త గంజి పెట్టాను. పోతే మళ్ళీ పెట్టాను. వెలిసినదానికి మనం చేసేది అదే కదా."

బాబాయ్, విన్నావా! గంజి నేను కాదు.

తాత నాన్నని పైనుంచి కిందికి చూశాడు. "చిక్కగా పెట్టావా, పల్చగా పెట్టావా?"

"చిక్కగానే."

"అదీ తప్పే. గంజి ఎప్పుడూ పల్చగా పెట్టాలి. నేను లేకపోతే షాపు ఇలాగే ఉంటుంది." లేచి ఇస్త్రీ గుడ్డ భుజాన వేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు నాన్న సందు చుట్టూ తిరిగి తీసుకెళ్ళబోతే, "బజారులోంచే పద" అన్నాడు. మేం ముగ్గురం బజారు మధ్యలోంచి నడిచాం. తాత ముందు, నాన్న వెనక.

నువ్వు వచ్చి ఎదురుగా నిలబడాల్సిందేనట. ఇస్త్రీపెట్టె ఆయన ఇంట్లో లేదు. షాపులో ఉంది.

గిటారు రజను అంతా టేపుకి వచ్చేసింది. పాత బనియనుతో రోజూ తుడుస్తున్నాను. రేడియో ఆయన ఒక పిచికారీ ఉచితంగా కొట్టాడు. శబ్దం వచ్చింది. తీగలు ఇంకా నీలంగానే ఉన్నాయి.

ఇట్లు,
ఒట్టు నిలబెట్టుకున్న
పిచ్చుక

తా.క. నాన్నా నేనూ కోటు పట్టుకుని హెడ్మాస్టరు గారింటికి వెళ్ళాం. నాన్న కోటు చాపి పట్టుకున్నాడు. ఆయన కోటు చూసి, తలుపు దగ్గరికి వేసి, చిన్నగా అన్నారు: "లాండ్రీలో ముడుచుకుపోయిందని మా ఆవిడతో మీరే చెప్పండి. ఇది నాకు పట్టడం మానేసి చాలాకాలమైంది. చెప్పుకోలేక ఉతకడానికి ఇచ్చాను." సభకి చొక్కాతోనే వెళ్తారట. నీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు.

తా.క. కింద నాన్న రాస్తానంటున్నాడు.

తమ్ముడూ, నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు కొత్త తీగలు తీసుకురా, సన్నవి, వేళ్ళు కొయ్యనివి. పిచ్చుకని ఏమీ అనకు. నన్ను కూడా. ఈసారి పల్చగా పెడతాను.